ఏటి సూతకంలో వచ్చిన హాలోవీన్

ప్రశ్న

అమెరికాలో డల్లాస్ శివారున ఉంటున్న ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలేవీ వద్దన్నారు కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప. ఈ ఏడాది మాఘమాసంలో ఆమె మామగారు భీమవరంలో కాలం చేశారు. బడులు, పాస్‌పోర్టుల ఇబ్బంది వల్ల భర్త ఒక్కరే వెళ్ళి కర్మకాండ జరిపించి వచ్చారు. ఆమె, పిల్లలు అంతిమయాత్ర మొదలవడం వరకు ఫోనులో చూశారు. ఆగస్టులో అత్తగారిని తమ దగ్గరకు తెచ్చుకున్నారు. నెలనెలా మాసికం పెడుతున్నారు, ఇంట్లో గుడ్డు కూడా వండరు. ఏటి సూతకం కనుక వినాయక చవితికి పాలవెల్లి కట్టలేదు, దసరాకు బొమ్మల కొలువు పెట్టలేదు, తోటివారి పేరంటాలకు వెళ్ళలేదు, రాబోయే దీపావళికి మతాబులూ కాకరపువ్వొత్తులూ ఉండవని పిల్లలకు ముందే చెప్పారు.

ఇంతలో హాలోవీన్ వచ్చింది, అంటే అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పండుగ. వీధి అంతా దాని అలంకరణలతో నిండిపోయింది. పిల్లలకు ఏడాదంతా ఏ సరదా లేకపోయింది, ఇదైనా ఉండనిద్దాం, మన పండుగ కాదు కదా, దీనికి సూతకమేమిటి అనుకుని ఆమె బాబు అడిగిన అస్థిపంజరం వేషం కొన్నారు, మూరెడు ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి వీధి తలుపుకు వేలాడదీశారు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి బయటికి వచ్చిన అత్తగారు దాన్ని చూసి, "మన పండుగలకు పనికిరాని ఇల్లు వాళ్ళ దయ్యాల పండుగకు పనికొచ్చిందా?" అన్నారు. ఆ రాత్రి భోజనం చేయలేదు. ఎదురింటివారి పచ్చికలో పన్నెండడుగుల అస్థిపంజరం, అట్టతో చేసిన సమాధిరాళ్ళు ఉన్నాయని సాయంత్రం నడక కూడా మానేశారు. భర్తను అడిగితే, మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండి అని లాప్‌టాప్ తెరిచారట. ఇది సైతాను పూజ అని చెప్పే వీడియోలను బంధువులు అత్తగారి వాట్సాప్‌కు పంపుతున్నారు. ఉత్తరం చివర ఒకే ఒక్క వాక్యంలో మరో సంగతి ఉంది: వేషం తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ బాబు నానమ్మను, "తాతయ్య కూడా ఇప్పుడు ఇలాగే ఉంటాడా?" అని అడిగాడు, "చిన్నవాడు, తెలియక అడిగాడు" అని రాసి ఆమె ముగించారు. పిల్లల సరదా చంపాలా, పెద్దావిడ మనసు కష్టపెట్టాలా అన్నది వారి ప్రశ్న.

సమాధానం

ముందుగా మీ ఇంట్లో ఎదురెదురుగా నిలబడిన రెండు మాటలను చూద్దాం. మన పండుగ కాని దానికి సూతకమేమిటి అన్నది మీ మాట. మన పండుగలకు పనికిరాని ఇల్లు దీనికి ఎలా పనికొచ్చింది అన్నది ఆవిడ మాట. తర్కం వరకు చూస్తే మీ మాట గట్టిదే. పెద్దకర్మతో మైల తీరిపోతుంది; ఆ తర్వాత సంవత్సరీకం వరకు పాటించేది సంబరాలకు, శుభకార్యాలకు దూరంగా ఉండే నియమం. దాని హద్దులు ఇంటింటికీ మారతాయి. కొందరు దేవుడి గదిలో దీపం తప్ప మరేమీ పెట్టరు, కొందరు పిల్లలున్నారని ఒక పిండివంట చేసి నాలుగు మతాబులు కాల్పిస్తారు, కొందరు ఆ నియమమంతా కర్తకే గాని మనుమలకు కాదంటారు. అక్టోబరు 31న ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడగడం గురించి మాత్రం ఏ ధర్మశాస్త్రమూ ఏమీ చెప్పదు.

మీ పురోహితుణ్ణి అడిగితే పిల్లల ఆటకేమి దోషమమ్మా అనే అవకాశమే ఎక్కువ. అయినా ఆ మాటను సంపాదించి అత్తగారి ముందు పెట్టవద్దని నా సలహా. పెడితే ఆవిడ మాట్లాడడం మానేస్తారు, మీరు గెలిచినట్టు కనిపిస్తుంది, ఇల్లు మాత్రం ఇప్పటికంటే బరువెక్కుతుంది. ఎందుకంటే ఆవిడ మాటలో శాస్త్రం గురించిన సందేహం నాకు కనిపించలేదు. నలభై, యాభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి పోయి ఏడాదైనా తిరగలేదు. ఆ లోటును ఈ ఇల్లు గుర్తుంచుకుందా లేదా అన్నదే ఆవిడ ప్రశ్న. మీరు పాలవెల్లి కట్టకపోవడంలో, కొలువు పెట్టకపోవడంలో ఆవిడకు అందుతున్న జవాబు, గుమ్మానికి ఆ బొమ్మ కనబడగానే ఒక్కసారిగా అబద్ధమనిపించి ఉంటుంది. మీ వైపు నుంచి చూస్తే అది అన్యాయం. ఏడాదంతా ఒక్కో పండుగనూ వదులుకుంటూ, ఎందుకు వదులుకుంటున్నామో ఇద్దరు పిల్లలకు ఇంగ్లీషులో సర్ది చెబుతూ వచ్చింది మీరు. ఆ శ్రమను ఎవరూ గుర్తించలేదన్న కోపం మీ ఉత్తరంలో పంక్తి పంక్తికీ ఉంది, అది న్యాయమైన కోపమే.

హాలోవీన్ జరుపుకోవాలా వద్దా అన్నది ఒక విషయం, తలుపుకు వేలాడుతున్న బొమ్మ మరో విషయం. రెండోదాని మీద నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను: దాన్ని తీసేయండి. ఎదురింటి పచ్చికలో నిలబడిన పన్నెండడుగుల అస్థిపంజరం వాళ్ళ వినోదం; దాన్ని చూసి ఆవిడ ముఖం తిప్పుకోవచ్చు. మీ గుమ్మం అలా కాదు, రోజుకు నాలుగుసార్లు దాటవలసిన చోటు. ఈ దేశంలో చావు బొమ్మలను ఆటవస్తువులుగా చూడడానికి అలవాటుపడిన ఇళ్ళలో కూడా, ఆ సంవత్సరం దగ్గరివారు పోతే సమాధిరాళ్ళు, ఎముకలు పెట్టకుండా గుమ్మడికాయలతో సరిపెట్టుకునేవారు ఉంటారు. కనుక దాన్ని తీసినంత మాత్రాన మీరు ఏ వాదనలోనూ ఓడిపోరు. తీసేటప్పుడు ఆవిడకు వివరణ ఇచ్చుకోవలసిన పని కూడా లేదు.

బాబు విషయం దగ్గర కొంచెం ఆగాలి. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ ప్రశ్నే ఈ ఉత్తరంలో అన్నింటికంటే ముఖ్యమైనదని నాకు అనిపించింది. తొమ్మిదేళ్ళవాడు తెలియక అడగడు, తెలుసుకోవడానికి అడుగుతాడు. తాతయ్య అంతిమయాత్ర మొదలవడం ఫోనులో చూశాడు, అక్కడితో తెర ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో వాడికి ఎవరైనా చెప్పారా? బడిలోనూ వీధిలోనూ కనిపించేవన్నీ భూమిలోంచి లేచిన ఎముకలు, సమాధిరాళ్ళు. చనిపోయినవాళ్ళు ఎలా ఉంటారన్న దానికి వాడికి దొరికిన బొమ్మ అదొక్కటే. వాడు ఆ వేషాన్నే కోరుకోవడానికీ ఈ ప్రశ్నకూ సంబంధం ఉందని నేను ఖాయంగా చెప్పలేను, చీకట్లో మెరుస్తుందని మాత్రమే అడిగి ఉండవచ్చు. ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వవలసిందే. మనం దహనం చేస్తామని, ఆ తర్వాత అస్థికలను ఏ రేవులో కలిపారో, మాసికం రోజున నాన్న ఎందుకు ఉపవాసం ఉంటున్నాడో, ఇప్పుడు తాతయ్యకు నొప్పి, ఆకలి, చలి ఏవీ ఉండవని, చిన్న చిన్న మాటల్లో చెప్పండి. చెప్పవలసినది మీ వారు. అక్కడ ఉండి అన్నీ చేసినవారు ఆయనే. నానమ్మ కూడా వినేలా చెప్పగలిగితే మరీ మంచిది, అయితే ఆవిడను బలవంతంగా కూర్చోబెట్టవద్దు.

ఆ మాటలయ్యాక ఏ వేషం కావాలో వాణ్ణి మళ్ళీ అడగండి. చాలామంది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మారతారు. మారకుండా అదే కావాలంటే, స్నేహితుడింట్లో తొడుక్కుని అక్కడే విప్పేసి రమ్మనడం సులువైన దారిగా కనిపిస్తుంది. నాకు ఆ దారి నచ్చదు. నానమ్మ చూడకుండా చేయవలసిన పనులు కొన్ని ఉంటాయని వాడు అక్కడ నేర్చుకుంటాడు, పైగా ఫోటోలు ఎలాగూ బయటపడతాయి. "ఈ ఏడాది వద్దు నాన్నా, నానమ్మకు తాతయ్య గుర్తొస్తాడు, వచ్చే ఏడాది వేసుకుందువుగాని" అని ఉన్నమాట చెప్పడం మేలు. ఒకరి కోసం ఒక వేషం మార్చుకోవడం తొమ్మిదేళ్ళవాడికి మించిన త్యాగమేమీ కాదు. మొత్తం పండుగనే వదులుకోమనడం మాత్రం కొంచెం ఎక్కువే, ముఖ్యంగా చవితి, దసరా పోయి, దీపావళి కూడా పోబోతున్న ఏడాదిలో.

ఇక వీడియోల సంగతి. అత్తగారికి వస్తున్న ఆ ప్రచారంలో చెప్పినట్టు ఇది సైతాను పూజ కాదు. దీని మూలం ఐర్లండులో పంట నూర్పిళ్ళు ముగిసి చలికాలం మొదలయ్యే సంధిలో జరిపే సావిన్ అనే పండుగ. ఆ రాత్రి పోయినవారు తమ ఇళ్ళ వైపు వస్తారని అక్కడివారు నమ్మేవారు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో రోమన్ చర్చి నవంబరు 1ని సకల పునీతుల పండుగగా స్థిరపరిచింది, ఆ తర్వాత ఫ్రాన్సులోని క్లూనీ మఠానికి అధిపతి అయిన ఓడిలో అనే ఆయన మొదలుపెట్టిన ఆచారం వల్ల నవంబరు 2 చనిపోయిన ఆత్మలందరి కోసం ప్రార్థించే రోజయింది. ఆ రెండు రోజులకు ముందు రాత్రే ఈ అక్టోబరు 31. మధ్యయుగపు ఇంగ్లండులో పేదలు, పిల్లలు ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంట్లో పోయినవారి కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడిగి తీసుకునేవారు. 1840ల కరువులో వలస వచ్చిన ఐరిష్‌వారు ఈ ఆచారాలను అమెరికాకు పెద్దఎత్తున తెచ్చారు. వాళ్ళు అక్కడ టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు, ఇక్కడ గుమ్మడికాయ దొరికింది.

ఇప్పుడు మీరు చూస్తున్న చాక్లెట్ల పండుగ అంత పాతది కూడా కాదు. వందేళ్ళ కిందట ఇది ఎక్కువగా కుర్రకారు ఆగడాల రాత్రి. 1920లో మిన్నెసోటాలోని అనోకా ఊరివాళ్ళు, ఆవులను నడివీధిలోకి తోలడం, కిటికీలకు సబ్బు రుద్దడం వంటి పనులు మాన్పించడానికే ఊరేగింపు పెట్టి పిల్లలకు మిఠాయిలు పంచారు. (మన ఊళ్ళలో భోగిమంట కోసం రాత్రికి రాత్రి దడులూ గేట్లూ మాయం చేసే కుర్రవాళ్ళకు అలాంటి ఊరేగింపు ఎవరూ పెట్టలేదు.) వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగే పద్ధతి 1930లలో వ్యాపించి, రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర రేషను వల్ల ఆగి, యుద్ధం ముగిశాక ఇప్పటి రూపానికి వచ్చింది.

ఈ చరిత్రంతా అత్తగారికి పాఠంలా అప్పచెప్పమని నా ఉద్దేశం కాదు. అందులో ఆవిడకు ముందే తెలిసిన సంగతులు రెండున్నాయి, వాటిని ఆవిడ నోటనే వినండి. ఒకటి, భీమవరం ప్రాంతంలో పెరిగిన మనిషి నవంబరు 2న క్రైస్తవ కుటుంబాలు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగను చూసే ఉంటారు. ఆ పండుగా, మీ వీధిలోని ఈ గోలా ఒకే చెట్టు కొమ్మలని తెలిస్తే వీడియోల భయం కొంత తగ్గవచ్చు. రెండోది, పూర్వం దసరా రోజుల్లో పంతుళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని, చేతుల్లో పూల విల్లంబులతో, పాటలు పాడుతూ ఇంటింటికీ వెళ్ళేవారు. అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ముట్టేవి. ఆవిడ చిన్నప్పుడు తిరిగారేమో, కనీసం వాళ్ళ అన్నలైనా తిరిగారేమో మీ పాపచేత అడిగించండి. అడిగించడం వరకే, "చూశారా అత్తయ్యగారూ, ఇదీ అలాంటిదే" అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు. కట్టే ఇంటికి కోరల దిష్టిబొమ్మ మనమూ వేలాడదీస్తాం కదా అన్న వాదన కూడా మీకు తోచే ఉంటుంది. నిజమే, కాని దుఃఖంలో ఉన్న మనిషిని ఉపమానాలతో ఓడించి ఎవరూ బాగుపడలేదు.

ఇక ఆ సాయంత్రం ఏం చేయవచ్చో చూద్దాం. అన్నిటికంటే తేలిక, ఈ ఏడాదికి పూర్తిగా మానుకోవడం. వాకిట లైటు ఆర్పేస్తే ఎవరూ తలుపు తట్టరు. అమెరికాలో ఆ సంకేతం అందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టరు. దాని ఫలితం ఆ రాత్రితో పోదు. మర్నాడు బడిలో అందరూ తమ సంచుల లెక్క చెప్పుకుంటుంటే మీ పిల్లలకు చెప్పడానికి మిగిలేది నానమ్మ వద్దంది అన్న ఒక్క మాట. ఆవిడ ఇంకొన్ని నెలలు మీ ఇంట్లో ఉండాలి, ఆ పిల్లలతోనే పొద్దుపుచ్చాలి. మానుకోవడమే నిర్ణయమైతే అది తల్లిదండ్రుల నిర్ణయమని, తాతయ్య పోయిన ఏడాది గనుక తీసుకున్నదని చెప్పి, నానమ్మ పేరు ఎత్తకండి.

రెండో దారి, పిల్లలు వెళ్తారు, ఇల్లు పాల్గొనదు. మీ ఇద్దరిలో ఒకరు పిల్లలతో స్నేహితుల వీధికి వెళ్ళి, రెండోవారు అత్తగారితో లోపల ఉంటారు. ఇతరుల దగ్గర తీసుకుని మనం ఇవ్వకపోవడం బాగుండదనిపిస్తే, మెట్టు మీద ఒక గిన్నెలో మిఠాయిలు పెట్టి, ఒక్కొక్కటి తీసుకోండి అని కాగితం అంటిస్తే సరిపోతుంది. మొదటి గుంపే గిన్నె ఖాళీ చేసినా ఆశ్చర్యపోకండి. ఈ దారిలో ఇంటి నియమం నిలుస్తుంది, పిల్లల సరదా నిలుస్తుంది. ఒక్క లోపం, ఆవిడ ఆ రెండు గంటలూ చీకటి ఇంట్లో బయటి కేకలు వింటూ కూర్చోవాలి. ఉండేది మీరా, మీ వారా అన్నది అందుకే ముఖ్యం. నా మాట అడిగితే ఆయన ఉండాలి.

మూడోది, ఇంటిని తెరిచి ఉంచి, చావు గుర్తులు లేకుండా జరుపుకోవడం. గుమ్మం దగ్గర రెండు గుమ్మడికాయలు, బంతిపూల కుండీ చాలు. టెక్సాస్‌లో మెక్సికన్ కుటుంబాలు నవంబరు మొదటి రెండు రోజుల్లో పోయినవారి ఫోటోల ముందు బంతిపూలు పరిచి, వాళ్ళకు ఇష్టమైన వంటలు పెట్టుకుంటారు కాబట్టి ఆ పూలు ఈ రోజుల్లో అక్కడి దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి. గుమ్మడికాయకు ముఖం చెక్కే ముందు ఒక్క జాగ్రత్త: నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు కోయకూడదన్న పట్టింపు గోదావరి జిల్లాల ఇళ్ళలో గట్టిగా ఉంటుంది, మొదటి కత్తి గాటు మీ వారితో పెట్టించండి. చెక్కడానికి అమ్మే పెద్దకాయ పీచుగా, నీళ్ళోడుతూ ఉండి కూరకు పనికిరాదు; 'పై' (pie) అనే ఇక్కడి తీపి వంటకానికని అమ్మే చిన్నకాయ ఒకటి విడిగా తెస్తే దప్పళం ఆవిడే పెడతారేమో చూడండి. మిఠాయిలకు బదులు పెన్సిళ్ళు, స్టిక్కర్లు పంచాలనుకుంటే నీలి ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ వాకిట్లో పెట్టే పద్ధతి ఉంది. తినుబండారాలు సరిపడని పిల్లలకు ఇక్కడ వేరే కానుకలున్నాయని దాని అర్థం. 2014 నుంచి ఇది దేశమంతటా వాడుకలోకి వచ్చింది.

ఈ మూడో దారిలోనే, జరిగితే జరగవచ్చు అన్నంత వరకు, ఒక అవకాశం చెబుతాను. కొత్తగా భర్తను పోగొట్టుకున్న స్త్రీ మన వైపు ఇళ్ళలో ఎలా వెనక్కి తగ్గుతుందో మీకు తెలుసు. పేరంటానికి పిలుపు రాదు, పెళ్ళింట్లో ముందు వరుసలో కూర్చోదు, ఎవరైనా ప్రయాణమై వెళ్తుంటే ఎదురు రాకుండా పక్కకు తప్పుకుంటుంది. ఎవరూ చెప్పకపోయినా తానే తప్పుకుంటుంది, అదే ఎక్కువ బాధ. అక్టోబరు 31 సాయంత్రం మీ గుమ్మం ఎక్కే పిల్లలకు ఆ లెక్కలేవీ తెలియవు. సీతాకోకచిలుకలు, అగ్నిమాపక భటులు, మూడేళ్ళ పులిపిల్లలు వచ్చి సంచీ చాపుతారు, పెట్టిన చేతిని చూస్తారు, థాంక్యూ చెప్పి పోతారు. ఆవిడకు తోస్తే కుర్చీ వేసుకుని ఆ గిన్నె తన ఒళ్ళో పెట్టుకోవచ్చు. పుర్రె ముసుగులు వేసుకున్న పెద్ద పిల్లలు కూడా వస్తారని మాత్రం ముందే చెప్పాలి. చెప్పకుండా కూర్చోబెట్టి, మొదటి ముసుగుకే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతే, ఆ తర్వాత ఇంకే మాటా వినరు. రానంటే రెండోసారి అడగకండి.

వీధి గొడవే వద్దనుకుంటే, చాలాచోట్ల బడులు, చర్చిలు ముందు వారాంతంలోనే పార్కింగు స్థలంలో కార్ల డిక్కీలు తెరిచి, వాటిని అలంకరించి పిల్లలకు మిఠాయిలు పంచుతాయి. కొన్నిచోట్ల పట్టపగలే ముగుస్తుంది, చిన్నపిల్లలు ఎక్కువ కనుక భయపెట్టే అలంకరణలు తక్కువ. పాపకు అదే చాలు. బాబుకు స్నేహితులతో చీకట్లో తిరగడంలో ఉన్న రుచి అందులో ఉండదు, వాడు ఒప్పుకోకపోవచ్చు. ఇవేవీ కాక, కొన్న వేషం, తలుపు బొమ్మ అన్నీ ఉంచి మొదట అనుకున్నట్టే జరిపే హక్కు కూడా మీకుంది, మీ ఇల్లది. ఆ పక్షంలో ఆవిడ నోరు మెదపకుండా తిరుగు టికెట్ ముందుకు జరపమంటారని నా అంచనా.

నాకు రెండో దారి, మూడో దారి మధ్య ఎక్కువ తేడా కనిపించడం లేదు. వాటిలో ఏది అన్నది ఆవిడ ఆ వారంలో ఎలా ఉన్నారన్నదాన్ని బట్టి చివరి రోజున కూడా తేల్చుకోవచ్చు. దానికంటే ముందు జరగవలసినది మీ వారు నోరు విప్పడం. మీరిద్దరూ తేల్చుకోండి అన్న మాటతో ఆయన తండ్రి పోయిన విషయాన్ని అత్తాకోడళ్ళ తగవుగా మార్చేశారు. ఆయనకూ దుఃఖం ఉంది, నెలనెలా మాసికం పెడుతున్న మనిషి. మాట్లాడకపోవడం ఆయన దాన్ని మోసే పద్ధతి కావచ్చు. అయినా పిల్లలు బయటికి వెళ్తారని, వెళ్ళమన్నది తానేనని, నాన్నను మరిచిపోయి కాదని, కొడుకు తల్లికి చెబితే పడే మాట కోడలు చెబితే పడదు. మీరు పక్కన లేనప్పుడు చెప్పమనండి. అదే సమయంలో, ఏడాదంతా పిల్లలకు పండుగలు లేకుండా సర్దుకొస్తున్నది మీరేనని కూడా ఆయన తల్లితో ఒక మాట అనాలి. ఇది మీరు అడిగి చెప్పించుకోవలసిన సంగతే. సిగ్గుపడకండి.

వెళ్ళే పక్షంలో కొన్ని జాగ్రత్తలు. విషం కలిపిన మిఠాయిల భయం మీ అత్తగారికే కాదు, అమెరికన్లకూ ఉంది. 1958 నుంచి వచ్చిన వార్తలను వెతికిన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు, ముక్కూమొహం తెలియనివారు ఇచ్చిన మిఠాయి వల్ల ఒక్క పిల్లవాడైనా చనిపోయినట్టు గాని తీవ్రంగా దెబ్బతిన్నట్టు గాని ఆధారం దొరకలేదు. 1974లో టెక్సాస్‌లోనే జరిగిన ఒక దారుణంలో విషం పెట్టింది బయటివారు కాదు, బీమా సొమ్ముకు ఆశపడిన కన్నతండ్రి. అసలు ప్రమాదం కార్లది. 1975 నుంచి 2016 వరకు అమెరికా లెక్కలు చూసిన ఒక పరిశోధనలో, చుట్టూ ఉన్న మామూలు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు 43 శాతం ఎక్కువగా తేలింది, చిన్నపిల్లల్లో మరీ ఎక్కువ. డల్లాస్‌లో ఆ రోజు ఆరున్నర దాటాక చీకటి పడుతుంది. చూపుకు అడ్డం వచ్చే ముసుగు బదులు ముఖానికి రంగు, వేషం మీద మెరిసే టేపు, పాప చెయ్యి పెద్దవాళ్ళ చేతిలో.

మీ ఇంట్లో గుడ్డు కూడా వాడరు కనుక సంచీ ఇంటికి వచ్చాక ఏరుకోవలసినవి ఉంటాయి. గమ్మీ బేర్లు, మార్ష్‌మాలోలు, స్టార్‌బర్స్ట్, తెలుపు పసుపు నారింజ రంగుల్లో ఉండే క్యాండీ కార్న్ వంటివాటిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. స్నికర్స్, మిల్కీవేలలో గుడ్డు తెల్లసొన ఉంటుంది. చిన్న పొట్లాల మీద అక్షరాలు ఆనవు, పెద్ద సంచీ మీది జాబితాను ముందే దుకాణంలో ఫోటో తీసుకుంటే పని సులువు. ఏరి పక్కన పెట్టినవాటిని చెత్తలో వేయకుండా మర్నాడు ఆఫీసులో పెట్టేయండి, గంటలో అయిపోతాయి.

అత్తగారు మానేసిన నడక ఒకటి మిగిలింది. ఎదురింటి బొమ్మ పండుగ కాగానే పోతుందని అనుకోవద్దు, కొందరు నవంబరు మొదటి వారాంతం దాకా తీయరు. అంతవరకు సాయంత్రం బదులు పొద్దున్నే, గరాజ్ వైపు నుంచి బయటికి వెళ్ళి వెనక వీధిలో గాని, కారులో పార్కుకు తీసుకెళ్ళి గాని నడిపించండి. వారంలో రెండు రోజులు మీ వారే తీసుకెళ్తే, ఆయన తల్లితో చెప్పవలసిన మాటలకు వేరే సమయం వెతుక్కోనక్కర్లేదు.